పైరు పోయింది... పొలానికి రేటొచ్చింది!

సంక్రాంతి దాటాక గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెడితే చెవులు చిల్లులు పడాల్సిందే. టిక్కీలు దించే హమాలీలు, కాయ విరిచి చూసే వ్యాపారులు, రేటు తేల్చమనే రైతులు... అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు. అంత గోలలోనూ తమిళ వ్యాపారి చెవికి తమిళం అందుతుంది, మరాఠీ వ్యాపారికి మరాఠీ. మిగతాదంతా వాళ్లకు ఉత్త రొద.

సీడీఎంఏ పనిచేసేది అచ్చం ఇలాగే. ఒకే ఫ్రీక్వెన్సీ మీద అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఒక్కో కాల్‌కు ఒక్కో సంకేతం. అది తెలిసిన ఫోన్‌కే ఆ మాట వినపడుతుంది. జీఎస్ఎంది టోకెన్ల వరస. 200 కిలోహెర్ట్‌జ్‌ల ఛానల్‌ను ఎనిమిది వంతులు చేసి ఎనిమిది మందికి పంచుతుంది. వంతు సెకనుకు రెండొందల సార్లకు పైగా తిరిగొస్తుంది కాబట్టి మాట తెగినట్టే తెలియదు.

రెండింట్లో ఏది మేలు? 2000 తర్వాత తొలి పదేళ్లలో షేర్లు కొనే అలవాటున్న వాళ్లందరినీ వేధించిన ప్రశ్న ఇది. కాగితం మీద సీడీఎంఏదే పైచేయి. తక్కువ స్పెక్ట్రమ్‌లో ఎక్కువ కాల్స్ పడతాయి. మన దేశంలో దానికి దక్కిన 800 మెగాహెర్ట్‌జ్ బ్యాండులో తరంగాలు దూరం పోతాయి. గుంటూరు, ప్రకాశం లాంటి బల్లపరుపు పొలాల్లో తక్కువ టవర్లతో ఎక్కువ ఊళ్లు చుట్టొచ్చు. పైగా ఆ టెక్నాలజీకి పేటెంట్లున్న అమెరికా కంపెనీ క్వాల్‌కామ్ షేరు 1999 ఒక్క ఏడాదిలోనే 2,600 శాతానికి పైగా పెరిగింది. ఇంకేం కావాలి?

ఈ పందెంలో మన రాష్ట్రానిది ప్రత్యేక స్థానం. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో టాటాల చేతిలో రెండూ ఉండేవి. టాటా సెల్యులార్ జీఎస్ఎం సంస్థ. అదే తర్వాత బిర్లా, ఏటీ అండ్ టీలతో కలిసి ఐడియా అయింది. రెండోది టాటా టెలీ సర్వీసెస్... సీడీఎంఏ సేవలకు ఆ కంపెనీ శ్రీకారం చుట్టింది మన రాష్ట్రంలోనే. చివరికి టాటాలు దేన్ని ఉంచుకున్నారో తెలుసా? సీడీఎంఏని! 2006లో ఐడియాలోని 48.14 శాతం వాటాను 4,406 కోట్ల రూపాయలకు బిర్లాలకు అమ్మేశారు.

అటు రిలయన్స్ సంగతి సరేసరి. 2003 జులైలో 501 రూపాయలు కడితే ఫోన్ చేతికిచ్చింది. మిగతాది నెలనెలా వాయిదాలు. బజార్లో రిక్షా తొక్కే వాళ్ల దగ్గర కూడా సెల్‌ఫోన్ కనిపించడం ఆ రోజుల నుంచే. కానీ మెలిక కూడా అక్కడే ఉంది. ఆ ఫోన్లలో సిమ్ కార్డు ఉండేది కాదు, నంబరు ఫోన్‌కే అతుక్కుని ఉండేది. కంపెనీ మారాలంటే ఫోనూ మార్చాలి. జీఎస్ఎం వాడేవాళ్లకు ఆ బాధ లేదు. సిమ్ తీసి ఏ ఫోన్‌లోనైనా వేసుకోవచ్చు. ప్రపంచంలో ఎక్కువ దేశాలు అటే మొగ్గాయి గనుక హ్యాండ్‌సెట్లూ లక్షల్లో తయారై చవకయ్యాయి. 2006లో నోకియా సీడీఎంఏ ఫోన్ల తయారీ నుంచి తప్పుకోవాలని నిర్ణయించింది. పందెం ఎటు పోతోందో అప్పుడే తెలిసిపోవాల్సింది.

దీనికి తోడు రాయల్టీ. ప్రతి సీడీఎంఏ ఫోన్ మీదా క్వాల్‌కామ్‌కు వాటా వెళ్లేది. ఈ మాట పత్తి రైతుకు విడమరచి చెప్పక్కర్లేదు. బీటీ విత్తనం 450 గ్రాముల పాకెట్ 1,600 రూపాయలకు పైగా పలికిన రోజుల్లో అందులో సింహభాగం మోన్‌శాంటో జన్యువు తాలూకు రాయల్టీయే. రాష్ట్ర ప్రభుత్వం ఎంఆర్‌టీపీసీ గడప తొక్కి పోరాడాక, 2006లో అది 750కి దిగింది. క్వాల్‌కామ్‌తో అదే ఏడాది రిలయన్స్ కూడా రాయల్టీ తగ్గించమని పేచీ పెట్టుకుంది. కానీ క్వాల్‌కామ్‌కు రెండు వైపులా పంటే. జీఎస్ఎం కంపెనీలు 3జీకి మారినప్పుడు వాడిన డబ్ల్యూసీడీఎంఏలోనూ కోడ్ పద్ధతే ఉంది మరి!

ఇప్పుడు షేర్ల లెక్కకొద్దాం. 2006 మార్చిలో లిస్టయిన రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2008 జనవరిలో 800 రూపాయలు దాటింది. ఆ ఏడాది చివర్లో జీఎస్ఎం వైపు కూడా అడుగేసింది. అప్పులు దాదాపు 45 వేల కోట్లకు చేరాయి. 2019లో దివాలా ప్రక్రియ మొదలైంది. ఆ ఏడాది చివరికి షేరు రూపాయి అటూఇటూ. కూతురి పెళ్లికని దాచిన డబ్బును అందులో పెట్టిన మధ్యతరగతి మనిషికి ఏం మిగిలినట్టు?

టాటాలు 2009లో జపాన్ డొకోమోను తోడు తెచ్చుకుని జీఎస్ఎంకి మళ్లారు. భాగస్వామ్యం బెడిసికొట్టింది. 2016లో లండన్ ట్రిబ్యునల్ 117 కోట్ల డాలర్ల పరిహారం కట్టమంది. చివరికి మొబైల్ వ్యాపారాన్ని 2019 జులైలో ఎయిర్‌టెల్‌లో కలిపేశారు.

అయితే జీఎస్ఎం షేరు కొన్నవాళ్లంతా బాగుపడ్డారా? అదీ లేదు. ఎయిర్‌టెల్ 2002లో 45 రూపాయలకు షేరు ఇచ్చింది. 2009లో ఒక్కోటీ రెండు షేర్లయింది. 2024లో ఒక్కోదాని ధర 1,500 దాటింది. ఐడియా 2007లో 75కి ఇచ్చింది. 2018లో వొడాఫోన్‌తో కలిసింది. ఏజీఆర్ బకాయిలపై 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మూడు రూపాయల స్థాయికి పడిపోయింది. ఇద్దరిదీ జీఎస్ఎమ్మే. మునగడానికీ తేలడానికీ కారణం టెక్నాలజీ కాదు... అప్పు, స్పెక్ట్రమ్‌కు పెట్టిన ధర, రేట్ల యుద్ధంలో ఎన్నేళ్లు ఊపిరి బిగబట్టగలరన్నది.

సీడీఎంఏ విషయంలో చాలామంది పట్టించుకోనిది 800 బ్యాండు. 2012 నవంబరు వేలంలో దాన్ని అడిగిన నాథుడే లేడు. పైరు ఎండిపోయింది కదా అని పొలాన్నీ బీడు కింద లెక్కేశారు. 4జీ వచ్చాక కథ మారింది. గోడలు దాటి ఇంట్లోకి చొరబడే ఆ తరంగాల మీద జియో కన్నేసింది. 2015 నుంచి వేలాల్లో కొంటూ వచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్, ఢిల్లీ, ముంబై సర్కిళ్లలో ఎయిర్‌టెల్ దగ్గరున్న 800 బ్యాండు స్పెక్ట్రమ్‌ను తీసుకోవడానికి ఒప్పందం రాసుకుంది. భవిష్యత్తు బాకీలతో కలిపి దాని ఖరీదు సుమారు 1,497 కోట్ల రూపాయలు!