పొగనుండి బొగ్గుపులుసు వాయువును వేఱుచేయుటకగు వ్యయము



హంస పాలను నీళ్లను వేఱుచేయునని కవులు వర్ణింతురు. ఆ పనికి హంస తినవలసిన మేత యెంతయో మాత్రము ఏ కవియు చెప్పలేదు. నేటి ప్రసంగము అట్టి మేతను గూర్చినదే.

నేలబొగ్గును కాల్చి, నీటిని ఆవిరిగా మార్చి, ఆ యావిరిచే చక్రములను త్రిప్పి విద్యుచ్ఛక్తిని పుట్టింతురని మీరెఱిగినదే. అట్లు కాలిన బొగ్గునుండి వెలువడు బొగ్గుపులుసు వాయువు ఆకాశమున పేరుకొని, భూమి వేడిని బయటకు పోనీయక కంబళివలె కప్పుచున్నది. భూమండలము వేడెక్కుటకు ఇది ప్రధానకారణము. కావున ఆ వాయువును పొగగొట్టముకడనే పట్టి భూగర్భమున దాచరాదా యను ప్రశ్న పుట్టినది. దాచవచ్చును, సందేహము లేదు. దానిని పట్టుటకు మఱియెంత బొగ్గు కాల్చవలెనన్నదే చిక్కు.

పొగ యంతయు బొగ్గుపులుసు వాయువు కాదు. ఎనిమిదింట నొకపాలు మాత్రమే యది. తక్కినదానిలో అధికభాగము, మనము పీల్చు గాలిలో నుండు నత్రజనియే. కల్లములో పొల్లును తూర్పారబట్టినట్లు వీనిని విడదీయ వలనుపడదు. అందుచే పొగను ఎత్తయిన గోపురమువంటి పాత్రలోనికి పంపి, పైనుండి అమైను అను ద్రవ్యమును కలిపిన నీటిని చల్లుదురు. అమైనులు నవాసారమునందలి ఘాటైన వాయువునకు చుట్టములు. బొగ్గుపులుసు వాయువు ఆ ద్రవమున కంటుకొనును. నత్రజని అంటక పైకి పోవును. ఇంతవఱకు పని సుళువే. గుడ్డ నీటిని పీల్చుటలో కష్టమేమున్నది? పిండునప్పుడే చేయి నొచ్చును. ద్రవమును మరల వాడుకొనవలెనన్న, దానిని సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు కాచి వాయువును విడిపింపవలెను. ఆ వేడి యెక్కడిది? చక్రములను త్రిప్పవలసిన యావిరిలోనే కొంత యిటు మళ్లింతురు. విడిపడిన వాయువును నూఱింతల వాతావరణపీడనమునకు మించి అదిమి గొట్టములలోనికి పంపవలెను. ఆ యంత్రములకును విద్యుత్తే కావలెను.

కెనడా దేశమున సస్కాచెవాన్ రాష్ట్రమందు, ఎస్టెవాన్ పట్టణమునకు చేరువ బౌండరీ డ్యాము అను విద్యుత్కేంద్రము కలదు. అందలి 3వ యూనిట్టున ఈ పద్ధతి 2014 అక్టోబరులో ప్రారంభమైనది. వాణిజ్యముగా నడచు బొగ్గు విద్యుత్కేంద్రమున ఇంత పెద్దయెత్తున నీ పని చేయుట ప్రపంచమున నదియే ప్రథమము. పాత యూనిట్టును బాగుచేయుటతో కూడ సుమారు 150 కోట్ల కెనడా డాలర్లు వ్యయమైనవి. అందు 24 కోట్లు ఆ దేశపు కేంద్రప్రభుత్వ మిచ్చినది. పూర్వము 139 మెగావాట్ల యూనిట్టది. క్రొత్త టర్బైను నమర్చిన పిదపను ప్రజలకు చేరునది సుమారు 115 మెగావాట్లే. తక్కినది హంస మేత.

సంవత్సరమునకు పదిలక్షల టన్నులు పట్టవలెనని సంకల్పము. మొదటి యేట అందు సగమైనను దక్కలేదు. పొగలోని సన్నని బూడిద ద్రవమున చేరుటయు, ద్రవము చెడుటయు కారణములు. పట్టినదానిలో అధికభాగమును వేబర్న్ ప్రాంతపు చమురుబావులవారికి అమ్మిరి. భూగర్భమున మిగిలిన చమురును అది పైకి నెట్టును. కొంత వాయువును 3 కిలోమీటర్లకు మించిన లోతున ఇసుకరాతిలో దాచిరి. ఆ చమురు కాలిన మరల నిదే వాయువు పుట్టదా యని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే.

ఇక లెక్క యొకటి వినుడు. ఒక కేంద్రము 100 పాళ్ల బొగ్గు కాల్చుచున్నదనుకొందము. వాయువును పట్టుటకే నాల్గవవంతు శక్తి పోయినచో, వెనుకటంత విద్యుత్తు నిచ్చుటకు సుమారు 133 పాళ్లు కాల్చవలెను. పుట్టిన వాయువులో నూటికి 90 వంతులు పట్టిరనుడు. పట్టినది 120 పాళ్లు, జారిపోయినది 13. మునుపు 100 పోవుచుండగా ఇప్పుడు 13 పోవుచున్నవి గనుక, ఆకాశమునకు తగ్గిన భారము 87 పాళ్లే కాని 120 కాదు. టన్నున కింత ఖర్చని యెవరైన చెప్పినప్పుడు, పట్టిన టన్నునకా, తగ్గిన టన్నునకా యని యడుగుడు. మొదటి లెక్క యెల్లప్పుడును చౌకగా కనబడును. ఆ యదనపు 33 పాళ్ల బొగ్గును త్రవ్వుటకు గనియు, దాని బూడిదను పోయుటకు చోటును ఏదో యొక యూరివారి పొలిమేరలోనే కావలెను. బూడిద యనగా నేమో కొత్తగూడెము, రామగుండము ప్రాంతములవారికి నేను చెప్పనక్కఱలేదు.

సస్కాచెవాన్ వారు వ్యయమును లెక్కించుకొని, సహజవాయువు చౌకగా దొరకుటయు చూచి, అదే కేంద్రమందలి 4, 5 యూనిట్లకు ఈ యంత్రముల నమర్పరాదని 2018లో నిర్ణయించిరి. 3వ యూనిట్టున మాత్రము వాయువును పట్టు పని మానలేదు.