షెల్ లెక్కలో కొమరోలు

కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికీ, ప్రాసెసరు, మెమరీ, డిస్కు వంటి భాగాలను అదుపులో ఉంచే కెర్నెల్ అనే మూల ప్రోగ్రాముకూ నడుమ నిలిచి, మనిషి టైపు చేసిన వరుసను చదివి, దానికి అర్థం కట్టి, తగిన ప్రోగ్రామును పిలిచి పని చేయించే మధ్యవర్తిని షెల్ అంటారు. షెల్ అంటే పెంకు. కెర్నెల్ అంటే గింజ లోపలి పప్పు. మౌసుతో బొమ్మలు నొక్కే పద్ధతి వాడుకరికి ఎదురుగా ఉన్న వాటిలో ఒకదాన్ని ఎంచుకునే వీలు మాత్రమే ఇస్తే, షెల్ అతనికి మాటలిచ్చి వాక్యం కట్టుకొమ్మంటుంది. అందుకే దానికి అలవాటు పడడానికి కొంత కాలం పడుతుంది, అలవాటు పడినవారు దాన్ని వదలడానికి ఇష్టపడరు.

తెరపై కనిపించే నల్లని కిటికీనే షెల్ అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. ఆ కిటికీ పేరు టెర్మినల్; అది అక్షరాలను తీసుకొని లోపలికి పంపుతుంది, లోపలి నుంచి వచ్చినవాటిని చూపిస్తుంది, అంతకుమించి దానికి ఏమీ తెలియదు. మార్కాపురం గనుల నల్లరాతి పలకల మీద తరాల తరబడి అక్షరాలు దిద్దిన ప్రాంతంలో ఆ కిటికీని చూడగానే పలక గుర్తుకు రావడం సహజమే గాని, చరిత్ర ఆ పోలికకు ఒప్పుకోదు. యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థ తొలినాళ్లలో టెర్మినల్ అంటే తెర కాదు, కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైప్ యంత్రం. అప్పట్లో వాడిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు మాత్రమే కొట్టగలిగేది. మీటలు నొక్కడం కష్టం, అచ్చు నెమ్మది. అందువల్ల ఫైళ్ల జాబితా చూపే ఆదేశం ఎల్‌ఎస్ అనీ, నకలు తీసేది సీపీ అనీ, చెరిపేది ఆర్‌ఎమ్ అనీ రెండేసి అక్షరాలకు కుదించుకుపోయాయి. నేటి విద్యార్థిని తికమక పెట్టే ఆ పొడిపేర్లు ఆనాటి యంత్రపు మందకొడితనానికి మిగిలిన ఆనవాళ్లు.

షెల్ అన్న పేరును వాడుకలోకి తెచ్చినవాడు లూయి పూజాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1960లలో అమెరికాలోని ఎమ్ఐటీలో ఆయన రాసిన రన్‌కామ్ అనే ప్రోగ్రాము ఒక ఫైలులో వరుసగా రాసి ఉంచిన ఆదేశాలను తానే చదివి నడిపించేది. 1971లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌కు తొలి షెల్ రాశాడు. 1979లో బెల్ ప్రయోగశాలకు చెందిన స్టీఫెన్ బోర్న్ రాసిన కొత్త షెల్‌తో ఈ మధ్యవర్తికి పూర్తి ప్రోగ్రామింగ్ భాష హోదా వచ్చింది. 1989లో గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయాన్ ఫాక్స్ రాసిన బ్యాష్ పేరులో, మరోసారి బోర్న్ అనీ, మళ్లీ పుట్టినది అనీ రెండర్థాల శ్లేష ఉంది. నేడు యూనిక్స్ తరహా వ్యవస్థ అయిన లినక్స్ నడిచే యంత్రాలలో ఎక్కువగా ఎదురయ్యేది ఈ బ్యాషే. యాపిల్ కంపెనీ 2019 నుంచి జెడ్‌షెల్‌ను ముందస్తు అమరికగా ఇస్తోంది.

షెల్ ఒక వరుసను చదివే తీరు తెలిస్తే సగం చిక్కులు విడిపోతాయి. అది ఖాళీ ఉన్నచోటల్లా వరుసను మాటలుగా తుంచి, మొదటి మాటను ఆదేశంగాను, తక్కినవాటిని ఆ ఆదేశానికి అందించవలసిన సామగ్రిగాను తీసుకుంటుంది. గిద్దలూరు జాబితా అనే రెండు మాటల పేరున్న ఫైలును చెరపమని కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే, షెల్‌కు అది గిద్దలూరు అనే ఫైలు ఒకటి, జాబితా అనే ఫైలు ఇంకొకటి; ఆ పేర్లతో నిజంగా ఫైళ్లుంటే రెండూ పోతాయి, పోవలసింది మిగులుతుంది. నక్షత్రం గుర్తు (*) కనిపిస్తే, ఆదేశానికి అందించకముందే షెల్ దాన్ని అక్కడున్న ఫైళ్ల పేర్లుగా విప్పుతుంది. ఆర్‌ఎమ్‌తో చెరిపినది చెత్తబుట్టలోకి వెళ్లదు, అడిగితే తిరిగి రాదు. షెల్‌కు ఊహ లేదు. చెప్పినది చేయడమే దానికి తెలుసు.

దాని అసలు బలం ఆదేశాలను ఒకదానికొకటి తగిలించడంలో ఉంది. బోరు కింద సాగుచేసే రైతు పైపు ముక్కకు పైపు ముక్క బిగించి నీటిని చివరి మడి దాకా తీసుకుపోయినట్టు, ఒక ప్రోగ్రాము వెలువరించినదాన్ని నిలువుగీత (|) ద్వారా మరో ప్రోగ్రాములోకి మళ్లించవచ్చు. ఈ పోలిక ఇక్కడ అల్లినది కాదు. బెల్ ప్రయోగశాలలోని డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే ప్రోగ్రాములను తోటకు నీరుపట్టే గొట్టాల్లా తగిలించే వీలుండాలని రాసుకున్నాడు, 1973లో అది యూనిక్స్‌లో అమలైంది. ఏదో ఒక కార్యాలయానికి కొమరోలు, రాచర్ల, కంభం, బేస్తవారిపేట మండలాల నుంచి వేలకొద్దీ దరఖాస్తులు వచ్చాయనీ, ఒక్కొక్క దరఖాస్తుదారు ఊరిపేరు ఒక్కొక్క వరుసలో రాసి ఉన్న ఫైలు సిద్ధంగా ఉందనీ అనుకుంటే, ఏ ఊరి నుంచి ఎన్ని వచ్చాయో తేల్చడానికి సార్ట్, యూనిక్, మళ్లీ సార్ట్ అనే మూడు ఆదేశాలను, తగిన ఐచ్ఛికాలు (ఆదేశం తీరును మార్చే గుర్తులు) జోడించి, రెండు నిలువుగీతలతో కలిపితే చాలు. మొదటి సార్ట్ ఒకే పేరున్న వరుసలను పక్కపక్కకు చేరుస్తుంది. యూనిక్ వాటిని ఒక్కటిగా మడిచి ఎన్నిసార్లు వచ్చిందో పక్కన అంకె వేస్తుంది. చివరి సార్ట్ ఆ అంకెలను పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేరుస్తుంది. మొదటి సార్ట్‌ను మరచిపోతే లెక్క తప్పుతుంది, ఎందుకంటే యూనిక్ పక్కపక్కనున్న వరుసలనే పోల్చగలదు, దూరాన ఉన్నవాటిని చూడదు.

షెల్‌ను తన పనికి తగ్గట్టు అమర్చుకోవడం ఒక చిన్న ఫైలులో జరుగుతుంది. మామూలుగా టెర్మినల్‌లో బ్యాష్ తెరిచినప్పుడు అది వాడుకరి ఇంటి ఫోల్డరులోని బ్యాష్‌ఆర్‌సీ అనే ఫైలును చదువుకుంటుంది. పేరుకు ముందు చుక్క ఉండడం వల్ల ఆ ఫైలు మామూలు జాబితాలో కనిపించదు, పేరు చివరి ఆర్‌సీ పూజాన్ రాసిన రన్‌కామ్ నుంచి వచ్చింది. ఈ అమరికలలో ముఖ్యమైనది పాత్ అనే చలరాశి. చలరాశి అంటే విలువను దాచుకునే పేరు. పాత్‌లో ఉండేది ఆదేశాల కోసం ఏయే ఫోల్డర్లను ఏ వరుసలో వెతకాలో చెప్పే పట్టిక. ఆదేశం దొరకలేదన్న సందేశం వచ్చినప్పుడు చాలాసార్లు ప్రోగ్రాము యంత్రంలోనే ఉంటుంది, అది ఉన్న ఫోల్డరు మాత్రం ఆ పట్టికలో ఉండదు. వాడుకరి ప్రస్తుతం ఉన్న ఫోల్డరును లినక్స్ కావాలనే ఆ పట్టికలో చేర్చదు. లేకపోతే ఎవరో ఎల్‌ఎస్ అన్న పేరుతో అక్కడ పెట్టిన దొంగ ప్రోగ్రాము నడిచే ప్రమాదం ఉంటుంది.

పొడవైన ఆదేశానికి ముద్దుపేరు పెట్టుకోవడాన్ని ఏలియాస్ అంటారు. ఆర్‌ఎమ్ అనగానే ముందుగా అనుమతి అడిగేలా ఏలియాస్ పెట్టుకొమ్మని కొత్తవారికి చెప్పడం ఆనవాయితీ అయినా, అది మంచి సలహా అనడానికి వీల్లేదు. దానికి అలవాటు పడిన చేయి ఆ ఏలియాస్ లేని మరో యంత్రం ముందు కూడా అదే ధీమాతో మీట నొక్కుతుంది. దానికంటే, ఒక ఆదేశం వెలువరించినదాన్ని ఫైలులోకి మళ్లించేటప్పుడు, ఉన్న ఫైలు మీద పొరపాటున రాయకుండా ఆపే నోక్లాబర్ అనే అమరిక మేలు. తప్పు జరిగినప్పుడు పని ఆపి హెచ్చరించడమే తప్ప, అది మరో యంత్రం ముందు ప్రమాదం తెచ్చే అలవాటేదీ నేర్పదు. వెనుకటి ఆదేశాలను బ్యాష్ గుర్తుపెట్టుకుంటుంది, మార్చకపోతే ఆ గుర్తు 500 వరుసల దాకా. కంట్రోల్, ఆర్ మీటలు కలిపి నొక్కి వాటిలో వెతకవచ్చు. పాస్‌వర్డు ఉన్న వరుస కూడా ఆ చరిత్రలో చేరుతుందన్నది మరవకూడదు.

విండోస్ చాలా కాలం ఈ సంప్రదాయానికి దూరంగా నడిచింది. 2006లో పవర్‌షెల్ వచ్చినా అది ఆ ఒక్క వ్యవస్థకే పరిమితమైంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టాక గాలి మారింది. 2016లో విండోస్ మీదనే బ్యాష్‌ను నడిపే ఏర్పాటు వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో పవర్‌షెల్ మూల కోడు బహిరంగమై లినక్స్‌కూ చేరింది. ఏ యంత్రం ముందు కూర్చున్నా షెల్ నేర్చుకోవడానికి ఇప్పుడు అడ్డు లేదు.

తెలుగు సంగతికి వస్తే కథ అంత సాఫీగా లేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ వంటివారి కృషితో లినక్స్ మెనూలు, కిటికీలు తెలుగులో వచ్చాయి. షెల్‌లో కూడా తెలుగు లొకేల్‌ను, అంటే ఒక భాష, ఒక దేశం పద్ధతులను తెలిపే అమరికను ఎంచుకుంటే తేదీ ఆదేశం వారాల పేర్లను తెలుగులో చెబుతుంది. విండోస్ పాత కిటికీలో మాత్రం సీహెచ్‌సీపీ 65001 అన్న ఆదేశంతో యూనికోడ్ పద్ధతికి మార్చకపోతే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు ఎదురుకావచ్చు. చాలా టెర్మినళ్లు తెరను సమానమైన గళ్లుగా విభజించి గడికొక అక్షరం చొప్పున పేర్చేలా కట్టినవి కావడంతో, వత్తులూ గుణింతాలూ ఆ గళ్లలో ఇమడక చెదిరిపోతాయి.

వరుసక్రమంలోనూ చిక్కుంది. లొకేల్‌ను సీ అని పెట్టినప్పుడు సార్ట్ అక్షరాలను వాటి యూనికోడ్ సంఖ్యలను బట్టి పేరుస్తుంది. అందులో ళకారం వకారానికి ముందుంది. బడిలో నేర్పే వర్ణమాలలో ళ హకారం తరువాత వస్తుంది కాబట్టి మనిషి కవి, కళ అని పేర్చేచోట యంత్రం కళ, కవి అని పేరుస్తుంది.

ఇక అక్షరాల లెక్క. డబ్ల్యూసీ అనే ఆదేశం ఒక ఫైలులో ఎన్ని బైట్లు, ఎన్ని అక్షరాలు, ఎన్ని వరుసలు ఉన్నాయో చెబుతుంది. చివర కొత్త వరుస గుర్తు లేకుండా కొమరోలు అన్న పేరును దానికి అందిస్తే బైట్లు 21, అక్షరాలు 7 అంటుంది. గిద్దలూరుకు 27, 9 అనీ, మార్కాపురానికి 30, 10 అనీ చెబుతుంది. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి గనుక మొదటి అంకె రెండోదానికి సరిగ్గా మూడు రెట్లు. రెండో అంకెలో హల్లు ఒకటి, దాని గుణింతపు గుర్తు మరొకటి, వత్తును కలిపే పొల్లు ఇంకొకటి. బడి పిల్లలు పలక మీద రాసి లెక్కపెడితే మూడు ఊళ్ల పేర్లకూ నాలుగేసి అక్షరాలే. ఆ నాలుగును నాలుగుగా లెక్కించే ఐచ్ఛికం డబ్ల్యూసీలో లేదు.