మన్యం పంట – మహానగరపు విపణి

1960వ దశకంలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు అరకు కొండల మీదుగా రైలుమార్గం వేశారు. కొండరాయి జపానుకు తరలిపోయింది. అదే కొండల మీది గిరిజనుడి చింతపండుకు మాత్రం సంత దాటడమే గగనమైంది.

కావడి మోసి తెచ్చిన సరుకును అతడు తిరిగి మోసుకుపోలేడు. ఉప్పుకూ బట్టకూ ఆనాడే డబ్బు కావాలి. పైగా పాత బాకీ! ధర షావుకారు చెప్పిందే, తూకమూ అతనిదే. ఈ చెర నుంచి విడిపించే ఉద్దేశంతోనే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చింతపండు, తేనె, కుంకుడుకాయల వంటి సరుకులను సంతలోనే నిర్ణీత ధరకు కొని, గిడ్డంగులకు చేర్చి, పెద్ద విపణులలో విక్రయించడం దాని బాధ్యత. నిత్యావసరాల సరఫరా, రుణాలు కూడా అందులోవే. కొనుగోలు మాత్రమే చేసి అప్పు సంగతి విడిచిపెడితే రైతు మళ్లీ షావుకారి గడపే తొక్కుతాడు కదా!

కాఫీకి ఈ ఏర్పాటు మరింత అవసరం. ఒక్క రైతు పండించిన కొద్ది బస్తాల కోసం దూరదేశపు వర్తకుడు కొండెక్కడు. వేలమంది పంట ఒకచోట చేరి, నాణ్యతను బట్టి వేరుపడినప్పుడే బేరమాడే శక్తి కలుగుతుంది. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయినా చలికాలపు కోతల వేళ అకాలవర్షం కురిస్తే, ఆరబెట్టిన గింజ గిడ్డంగి చేరకముందే తడిసి, నాణ్యతతోపాటు ధరా పడిపోతుంది.