ఏ పేస్టు కొందాం?

పిల్లలూ! ఒకనాడు పొద్దున్నే మీ అమ్మ మీ చేతిలో డబ్బు పెట్టి, "పేస్టు అయిపోయింది, కొట్టుకు వెళ్ళి ఒకటి పట్టుకురా" అన్నదనుకోండి. మీది నరసరావుపేట కావచ్చు, మాచర్ల కావచ్చు, గురజాల కావచ్చు. మీరు పరుగెత్తుకుంటూ వెళ్ళి అడుగుతారు. "ఏ పేస్టు కావాలి?" అంటాడు కొట్టాయన.

తలెత్తి చూస్తే బీరువా నిండా పేస్టులే! ఒకటి ఎర్రనిది, ఒకటి తెల్లనిది, ఒకటి ఆకుపచ్చనిది, ఒకటి గాజులాగా మెరిసేది. ఒకదానిలో ఉప్పు ఉన్నదట, ఒకదానిలో లవంగ నూనె, ఒకదానిలో వేప, మరొకదానిలో బొగ్గు! ఒకటి చిగుళ్ళను కాపాడుతుందట. ఇంకొకటి పళ్ళను ముత్యాల్లాగా చేస్తుందట. చిన్నపిల్లల పేస్టు మీద బొమ్మ కూడా ఉన్నది. మీరు తెల్లమొహం వేసి నిలబడిపోతారు. చివరకు ఏ పెట్టె మీద బొమ్మ బాగుంటే ఆ పెట్టె తెచ్చేస్తారు. అవునా?

మీ తాతలకు ఈ చిక్కు లేదు. వేపకొమ్మ వంచి పుల్ల విరిచేవారు, చివర నమిలి కుంచె చేసేవారు, తోముకునేవారు. పుల్ల దొరకనినాడు కచ్చిక ఉండనే ఉన్నది. తరువాత పొట్లాలలో పళ్ళపొడులు వచ్చాయి. అమెరికాలో కాల్గేట్ కంపెనీవారు 1873లో పేస్టును జాడీలలో పోసి అమ్మారు. 1896లో దానిని గొట్టంలోకి ఎక్కించారు. 1952లో రేడియో సిలోనులో "బినాకా గీత్‌మాలా" మొదలయ్యాక, సినిమా పాటలతోబాటు ఒక పేస్టు పేరు కూడా ఇంటింటా వినబడసాగింది. పేస్టులు తమ గొప్ప తామే చెప్పుకోవటం అప్పటినుంచీ పెరుగుతూనే ఉన్నది. కనక వాటి మాట వినటం మాని, గొట్టంలో ఏముందో మనమే చూద్దాం.

మొదటిది, రుద్దే పొడి. ఇది మనకు కొత్తదేమీ కాదు. పిడుగురాళ్ళ వైపు సున్నపుబట్టీలు చూశారు గదా? పల్నాటి సున్నపురాయిని బట్టీలో కాలిస్తే సున్నమవుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే బుసబుస పొంగుతుంది. ఆ సున్నపు నీటిలోకి బొగ్గుపులుసు వాయువును పంపితే మెత్తని తెల్లని పొడి అడుగుకు దిగుతుంది. చాలా పేస్టులలో ఉండేది ఇటువంటి పొడే. గాజులాగా మెరిసే పేస్టులలో దానికి బదులు ఇసుకజాతికి చెందిన మెత్తని సిలికా పొడి వేస్తారు.

రెండవది, నురగ తెప్పించే పదార్థం. మూడవది, తీపీ వాసనా రంగూ, ముద్ద ఎండిపోకుండా ఉంచే పదార్థాలూ. కొట్టులో మీరు చూసిన తేడాలన్నీ చాలా మటుకు ఈ మూడవదానిలోనివే! పళ్ళమీది పాచిని ముఖ్యంగా వదిలించేది కుంచె, మీ చెయ్యి, మీ ఓపిక. ఏ పేస్టయినా సరే, రెండు నిమిషాలు తోమకపోతే ఫలితం లేదు.

ఇటుకపొడితోనూ ఇసుకతోనూ తోమితే ఇంకా బాగా శుభ్రపడవా అంటారేమో! వస్తువుల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే లెక్క ఒకటి ఉన్నది. అందులో సున్నపురాయి 3, పంటిమీది పింగాణి సుమారు 5, ఇసుకరేణువు 7. తక్కువ అంకె గలది ఎక్కువ అంకె గలదానిని గీయలేదు. అందుచేత సుద్దపొడి పాచిని గీకుతుందేగాని పింగాణిని గీయదు. ఇసుక మాత్రం పింగాణినే అరగదీస్తుంది. అరిగిన పింగాణి మళ్ళీ పెరగదు.

ఇక నాలుగవది. ఇది కొన్ని పేస్టులలో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. దాని పేరు ఫ్లోరైడు. పెట్టె మీద చిన్న అక్షరాలలో "సోడియం ఫ్లోరైడు" అనిగాని, "సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేటు" అనిగాని ఉంటే అందులో ఫ్లోరైడు ఉన్నట్టే. మీరు తీపి తిన్నప్పుడు నోటిలోని సూక్ష్మజీవులు కూడా ఆ తీపి తిని పులుసు వదులుతాయి. ఆ పులుసుకు పింగాణి కొద్దికొద్దిగా కరుగుతుంది. కరిగినదానిని ఉమ్మి మళ్ళీ పూడుస్తూ ఉంటుంది. ఫ్లోరైడు ఈ పూడ్చేపనికి సాయం చేస్తుంది, పూడిన చోటును గట్టిపరుస్తుంది. పన్ను పుచ్చకుండా ఆపటంలో బాగా రుజువైన మందు ఇదే.

"ఇంకేం! ఫ్లోరైడు ఉన్నదే కొనేద్దాం" అంటారా? ఆగండి. మీరు పల్నాటి పిల్లలైతే ముందు ఒక కథ వినాలి.

1901లో మెకే అనే దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరు వెళ్ళాడు. అక్కడ పుట్టి పెరిగిన ఎందరికో పళ్ళమీద గోధుమరంగు మచ్చలున్నాయి. ఎంత తోమినా పోవు. చిత్రమేమంటే, ఆ మచ్చల పళ్ళు అంత తేలికగా పుచ్చవు! ఊరి నీళ్ళలోనే ఏదో ఉన్నదని మెకే అనుమానించాడు. అదేమిటో తేలటానికి ముప్ఫయి ఏళ్ళు పట్టింది. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అటువంటి నీళ్ళను పరీక్షించి, అది ఫ్లోరైడని కనిపెట్టాడు. మితంగా ఉంటే పంటికి మేలు చేసేదే, మితిమీరితే పంటిని పాడుచేస్తున్నదన్నమాట.

ఆ తరువాత ఆరేళ్ళకు, 1937లో, ఇదే జబ్బు మన నెల్లూరు జిల్లా పల్లెలలో ఉన్నదని వైద్యులు లోకానికి తెలిపారు. అక్కడ పళ్ళు మచ్చలు పడటమేగాక, పెద్దవాళ్ళకు ఎముకలూ కీళ్ళూ బిగుసుకుపోయి నడుములు వంగిపోయాయి.

ఆ ఫ్లోరైడు మన పల్నాడులో కూడా ఉన్నది. వినుకొండ, బొల్లాపల్లి, వెల్దుర్తి ప్రాంతాలలో ఎన్నో బోర్ల నీళ్ళలో అది హద్దు మించి ఉన్నది. రాళ్ళలో ఉండే ఫ్లోరైడు, భూమిలోపల వాటినంటి చాలాకాలం నిలిచిన నీళ్ళలోకి దిగుతుంది. నదినీళ్ళలో ఇది సాధారణంగా తక్కువ. నాగార్జునసాగరానికి 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ వచ్చిన ఊళ్ళకు పంటకే కాదు, తాగటానికీ కృష్ణ నీళ్ళు అందాయి. కాలువ అందని ఊళ్ళు బోరునే నమ్ముకోవలసి వచ్చింది. అందుకే, ఒకే జిల్లాలో ఉన్న ఇద్దరు పిల్లలకు పేస్టు విషయంలో ఒకే సలహా సరిపోదు!

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం, పలక తీయండి. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు మించకుండా ఉంటే మంచిదనీ, వేరే నీళ్ళు దొరకనిచోట కూడా 1.5 మించరాదనీ మన దేశపు ప్రమాణం. ఒక ఊరి బోరులో 3 ఉన్నదనుకుందాం. ఆ ఊరి పిల్లవాడు రోజుకు ఒక లీటరు తాగితే 3 మిల్లీగ్రాములు కడుపులోకి పోతుంది. అన్నమూ పప్పూ ఆ నీళ్ళతోనే ఉడుకుతాయి గనక మరికొంత!

ఇక పేస్టు సంగతి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడు 1000 పీపీఎం మించరాదని నియమం. అంటే కిలో పేస్టులో ఒక గ్రాము. బఠాణీ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము. అందులో ఫ్లోరైడు పావు మిల్లీగ్రాము. ఆ ముద్దంతా మింగినా, నీళ్ళద్వారా పోయేది దానికి పన్నెండు రెట్లు! కాని ప్రకటనలలో చూపినట్టు కుంచె పొడుగునా ఒక గ్రాము పేస్టు పెట్టుకుని, రుచిగా ఉన్నదని రెండు పూటలా మింగితే? 2 మిల్లీగ్రాములు! చూశారా, పేస్టు ఉమ్మివేస్తే మందు, మింగితే చిక్కు.

కనక పేస్టు కొనేముందు పెద్దలు తెలుసుకోవలసినది ఒకటున్నది. మన ఇంటి తాగేనీళ్ళలో ఫ్లోరైడు ఎంత? గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలలో ఇది పరీక్షిస్తారు. జిర్కోనియం, అలిజరిన్ అనే పదార్థాలు కలిపిన ఎర్రని ద్రవం, ఫ్లోరైడు నీళ్ళు తగిలితే పసుపుకు తిరుగుతుంది. ఎంత తిరిగితే అంత ఫ్లోరైడు ఉన్నదన్నమాట.

నీళ్ళు మంచివైతే ఫ్లోరైడు ఉన్న పేస్టే కొనండి. రంగూ రుచీ మీ ఇష్టం. మూడేళ్ళలోపు పాపకు బియ్యపుగింజంత, ఆరేళ్ళలోపువారికి బఠాణీ గింజంత చాలు. పక్కన పెద్దవాళ్ళు నిలబడి ఉమ్మివేయించాలి.

నీళ్ళు చెడ్డవైతే ముందు మార్చవలసినది పేస్టు కాదు, నీళ్ళు. కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై, మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది! పటికా సున్నమూ బ్లీచింగు పొడీ కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతిని 1970లలో నాగపూరు శాస్త్రజ్ఞులు రూపొందించి, దానికి మన నల్లగొండ పేరే పెట్టారు. అది తెలిసినవారు కొలతప్రకారం చేయవలసిన పని. ఇంట్లో తోచినట్టు కలపరాదు. తాగటానికీ వంటకూ కృష్ణ నీళ్ళుగాని, సరిగా శుద్ధిచేసిన నీళ్ళుగాని వాడటం మేలు. అటువంటి ఊళ్ళో, ఇంకా ఉమ్మటం సరిగా రాని పసివాళ్ళకు ఏ పేస్టు వాడాలో దంతవైద్యుణ్ణి అడిగి కొనాలి.

చివరగా ఒక మాట. మీ తరగతిలో పళ్ళమీద మచ్చలున్న పిల్ల ఒకతె ఉండవచ్చు. నవ్వు వచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఎవరో "గారపళ్ళు" అన్నారు. పళ్ళు తోముకోదన్నారు. ఆ పిల్ల ఇంటికి వెళ్ళి ఇటుకపొడితో తోమింది. దాచుకున్న డబ్బుతో "ముత్యాల పళ్ళ" పేస్టు కొని తోమింది. మచ్చ కదలలేదు. ఎందుకు కదలలేదో ఇప్పుడు మీకు తెలుసు. ఆ మచ్చ పైన అంటిన మురికి కాదు. చిగురులోపల పన్ను తయారవుతున్నప్పుడే, ఎనిమిదేళ్ళ లోపల, నీళ్ళలోని ఫ్లోరైడు పింగాణిలో వేసిన గుర్తు. తోమే పేస్టేదీ దానిని తీయలేదు. బాగా బాధపెడితే దంతవైద్యులు కప్పటానికి మార్గాలున్నాయి. ఆ పిల్ల తప్పు మాత్రం అందులో రవంత కూడా లేదు.

ఈసారి కొట్టుకు వెళ్ళినప్పుడు పెట్టె తిప్పి చిన్న అక్షరాలు చదవండి. బడికి వెళ్ళినప్పుడు ఆ పిల్ల పక్కన కూర్చుని, ఈ కథంతా చెప్పండి.