మందు పనిచేసినచో పింఛను పోవలెనా?

మా బాలానగర్ వీథులలో తెల్లవారుజామున మొదట వినవచ్చునది కోడికూత కాదు, లేత్ మిషన్ల రొద. 1960వ దశకమున ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారమును, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి శాఖయు ఈ ప్రాంతమునకు వచ్చినది మొదలు, వానిని ఆశ్రయించుకొని వందలకొలది చిన్న షెడ్లు వెలసినవి. మందుల కర్మాగారము మూతపడినను షెడ్లు మాత్రము నిలిచినవి. ఒకప్రక్క బోయినపల్లి, దానికావల తిరుమలగిరి, సికిందరాబాదు కంటోన్మెంటు ఉండుటచేత, సైన్యమునుండి విడుదలయై వచ్చి ఇచ్చటనే స్థిరపడిన కుటుంబములు కూడ పెక్కు కలవు. కావున మా వీథిలో ఒక యింట మరచుట్లు కోయు ధ్వని వినబడిన, ప్రక్కయింట గోడమీద పతకములు కానవచ్చును.

అట్టి యింటి యిల్లాలొకతె గడచిన ఏట ఒక సాయంకాలము మా యింటికి వచ్చి, గడపదాటకయే నిలిచి, “అక్కయ్యగారూ, మాస్టరుగారు ఇంట లేనప్పుడు మిమ్ము ఒక్క మాట అడుగవలెనని వచ్చితిని” అనెను. ఆమె భర్త హవల్దారుగా పనిచేయుచుండగా మూర్ఛవ్యాధి సోకి, సైన్యమువారు వైద్య కారణముచేత పంపివేసిరి. వైకల్యము నూటికి 20 అని వ్రాసి, అది శాశ్వతము కాదనియు, రెండేండ్ల పిమ్మట మరల పరీక్షింపవలెననియు కాగితముపై సూచించిరి. ఆనాటినుండి ఆయన పూటపూటకు మాత్రలు తప్పక మ్రింగుచున్నారు. ఏడాదిన్నరగా మూర్ఛ రాలేదు. ఇప్పుడు మరల బోర్డు ఎదుటికి రమ్మని పిలుపు వచ్చినది.

“బోర్డుకు పదునైదు దినములు ముందుగా మాత్రలు మానివేసినచో ఎట్లుండును, అక్కయ్యగారూ? ఒక్కసారి వచ్చినదని వ్రాసికొందురు గదా!” అని ఆమె అడిగినప్పుడు మాకు నోట మాట రాలేదు. ఆమె దురాశాపరురాలు కాదు. ఇద్దరు పిల్లలను చదివించుకొనుచున్న గృహిణి. ఆ ప్రశ్నను ఆమెచేత అడిగించినది లెక్క.

ఆ లెక్క ఎట్టిదో సోదరీమణులకు విశదపరచెదము. సైనికునకు సేవవలన కలిగిన, లేక సేవవలన ముదిరిన వ్యాధికి లభించు పింఛనులో రెండు భాగములు కలవు. ఒకటి సేవాభాగము, రెండవది వైకల్యభాగము. 2006 జనవరి 1 నుండి, నూటికి నూరుపాళ్ళు వైకల్యము గలవానికి ఈ రెండవ భాగము చివరి జీతములో నూటికి 30 వంతున ఏర్పడినది. వైకల్యము తగ్గినకొలది అదియు తగ్గును. అయితే 20 పాళ్ళకు లోబడినచో సామాన్యముగా ఏమియు రాదు. ఇంకొక మెలిక కలదు. 1996 జనవరి 1 నుండి అమలైన పద్ధతి ప్రకారము 20 మొదలు 50కి లోపుగా ఉన్న వైకల్యమును 50గాను, 50 నుండి 75 వరకు ఉన్నదానిని 75గాను, 76 మొదలు పైదానిని 100గాను లెక్కింతురు. మొదట వైద్య కారణమున పంపివేయబడిన వారికే చెల్లిన ఈ మేలు, సేవాకాలము ముగించుకొని వచ్చినవారికిని వర్తించునని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

ఇక చివరి జీతము నలువది వేల రూపాయలనుకొందము. దానిలో నూటికి 30 పండ్రెండు వేలు. వైకల్యము 20 అని వ్రాసినచో 50గా లెక్కించి నెలకు ఆరువేలు వచ్చును. 19 అని వ్రాసినచో సున్న. ఒక్క పాలు తేడాకు ఆరువేలు! మందు పనిచేసి రోగి తేరుకొన్నకొలది ఈ గట్టు అంచునకు చేరుచుండును. మా పొరుగింటి యిల్లాలు ఆ అంచుననే నిలిచి మమ్ము అడిగినది.

మేము ఆమెను వెంటబెట్టుకొని, సైనిక వైద్యుడుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్న ఒక పెద్దవారియొద్దకు పోయితిమి. ఆయన మొదట చెప్పిన మాట ఇది: “అమ్మా, మూర్ఛకు వాడు మందును అకస్మాత్తుగా ఆపుట ప్రాణాపాయము. ఆగక వచ్చు మూర్ఛ అయిదు నిమిషములు దాటినచో ఆస్పత్రికి పరుగెత్తవలసినదే. మెదడు దెబ్బతినవచ్చును, ప్రాణమే పోవచ్చును. నెలకు ఆరువేలు కొరకు మనిషినే పణముగా పెట్టెదవా?” ఆమె కన్నీరు పెట్టుకొనెను. తరువాత ఆయన మరియొక సంగతి చెప్పిరి. తగిన కారణము లేక చికిత్సను నిరాకరించినవానికి వైకల్యపు పాళ్ళు తగ్గింపవచ్చునను నియమము సైనిక పింఛను విధానములో చిరకాలముగా కలదట. అనగా మందు వాడకున్న దోషము, వాడి బాగుపడిన నష్టము. ఈ రెంటి నడుమ సైనికుని యిల్లాలు ఏమి చేయవలెను?

ఇచ్చట మనము ఒక భేదమును గుర్తింపవలెను. రోగము పోవుట వేరు, మందుచేత అణగియుండుట వేరు. విరిగిన యెముక అతికి, బలము పుంజుకొని, మరల మునుపటి పని చేయగలిగినచో అది నయమగుట. మాత్ర ఒక్క దినము తప్పిన తిరిగి వచ్చునది నయమైనట్లు కాదు, కట్టివేయబడినట్లు. కట్టిన పులిని చూచి పులియే లేదనుట తగునా? పూనాలో 1944లో స్థాపించిన కృత్రిమాంగ కేంద్రము ఎందరో జవానులను మరల నడిపించినది. అట్లని తెగిన కాలు మొలచినదని ఎవరును అనరు. తెగిన స్థానమును బట్టియే పాళ్ళు నిర్ణయింతురు. కంటికి కనబడు లోపమునకు ఉన్న ఈ న్యాయము, కనబడని లోపమునకు దుర్లభమగుచున్నది.

రామాయణ యుద్ధకాండమున లక్ష్మణస్వామి ఓషధిచేత లేచి కూర్చుండినప్పుడు, “నీకు దెబ్బయే తగులలేదు” అన్నవారు లేరు. ఓషధి తెచ్చినవానికి మ్రొక్కిరి, గాయపడినవానిని కౌగిలించుకొనిరి. సభాపర్వమున నారదుడు ధర్మరాజును ప్రశ్నించునప్పుడు, నీకొరకై మరణించినవారి, ఆపదలపాలైనవారి భార్యలను పోషించుచున్నావా యని కూడ అడుగును. పని చేయుచు చనిపోయినవారి ఆలుబిడ్డలకు రాజు భత్యము నొసగవలెనని కౌటిల్యుడు విధించెను. పింఛను దయ కాదు, ఋణము తీర్చుట అనుభావము మన దేశమునకు క్రొత్తది కాదు.

ఇతర దేశములలో కూడ ఈ చర్చ జరుగుచునే యున్నది. అమెరికాలో జోన్స్ అను మాజీ సైనికుని వ్యాజ్యములో 2012లో అచ్చటి మాజీ సైనికుల అప్పీలు న్యాయస్థానము, వైకల్యపు పట్టికలో మందు మాట లేనప్పుడు మందువలన కలిగిన ఉపశమనమును చూపి పాళ్ళు తగ్గింపరాదని తీర్పు చెప్పెను. 2025లో ఇన్‌గ్రామ్ వ్యాజ్యములో అదే న్యాయమును ఎముకలకు, కండరములకు సంబంధించిన బాధలకు కూడ అన్వయించెను. దీనికి ఎదురు వాదము లేకపోలేదు. ఇప్పుడున్న స్థితిని గాక, మందు లేకున్న ఎట్లుండునో ఊహించి ధనము చెల్లించుట ఎట్లని అడుగువారు కలరు. ప్రజాధనమునకు లెక్క చెప్పవలసినవారు అట్లడుగుట తప్పు కాదు. కాని ఊహ అవసరము లేని మార్గము ఒకటి కలదు. మనిషి మందు వాడుచు కూడ ఏమి చేయలేకున్నాడో చూచుటయే ఆ మార్గము.

మా పొరుగు హవల్దారుగారి సంగతియే చూడుడు. సైన్యములో వారు నేర్చిన విద్య బండి నడుపుట. మూర్ఛవ్యాధి గలవానికి డ్రైవింగ్ లైసెన్సు లభింపదు. బాలానగర్‌లో పని యన్న షెడ్డులో పని. తిరుగుచున్న లేత్ మిషన్ యెదుట, కొలిమి యెదుట మూర్ఛవ్యాధి గలవానిని ఏ యజమాని నిలుపును? మూడు షెడ్లలో అడిగి, నిజము చెప్పి, రిక్తహస్తములతో తిరిగి వచ్చిరి. ఒంటరిగా చెరువు గట్టునకు పోవుటకు లేదు, మేడపై పిట్టగోడ చెంత నిలుచుటకు లేదు. మాత్రలవలన పగలు మగత. ఏడాదిన్నరగా మూర్ఛ రాలేదనుట నిజమే. ఇవన్నియు కూడ నిజములే.

కావున మేమామెకు మాత్రలు మానిపింపవద్దని చెప్పి, ఒక నోటుపుస్తకము ఇచ్చితిమి. ఇట్టి స్థితిలో ఉన్న సోదరీమణులకు కూడ మా విన్నపములు కొన్ని కలవు.

మొదటిది, విడుదల సమయమున బోర్డు వ్రాసిన కాగితమును భద్రపరచి, దానిలో శాశ్వతమని ఉన్నదో, గడువు ఉన్నదో చూచుకొనుడు. 2001 ఫిబ్రవరి 7 నాటి రక్షణశాఖ ఉత్తరువు ప్రకారము, శాశ్వత వైకల్యమునకు ఒకసారి నిర్ణయించిన పాళ్ళు, తాముగా పునఃపరిశీలన కోరిననే తప్ప, జీవితాంతము నిలుచును. శాశ్వతము కానిదానికి ఒక్క పునఃపరీక్ష మాత్రమే జరుగును. అంతకుపూర్వమువలె కొన్ని యేండ్లకొకసారి పిలుచు పద్ధతిని ఆ ఉత్తరువు మాన్పినది. కావుననే ఆ ఒక్క దినము ముఖ్యమైనది.

రెండవది, బోర్డునకు వట్టిచేతులతో పోవలదు. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పటినుండి, దానివలన కలుగు బాధలేవి, ఏ పని దొరకలేదు, ఏల దొరకలేదు అనునవి తేదీలతో వ్రాసికొనిపొండు. “ఎట్లున్నది?” అని అడిగినచో మన మగవారు, ముఖ్యముగా సైనికులు, “బాగున్నది సార్” అని నిటారుగా నిలిచి చెప్పుదురు. ఆ ఒక్క మాట ఇంటికి చేటు తేగలదు. నిజమును ఎక్కువ చేయవలదు, తక్కువయు చేయవలదు.

మూడవది, వ్యాధి సేవకు సంబంధించినది కాదన్నచో నిరాశ చెందవలదు. ధరంవీర్ సింగ్ అను సిపాయి 1985లో సైన్యమున చేరి, 1994లో మూర్ఛవ్యాధిచేతనే పంపివేయబడెను. వైకల్యము 20 అని వ్రాసియు సేవకు సంబంధము లేదని పింఛను నిరాకరించిరి. 2013 జులై 2న సుప్రీంకోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పెను. చేరునాడు రోగమున్నట్లు వ్రాసియుండనప్పుడు అతడు ఆరోగ్యవంతుడనియే భావింపవలెననియు, సందేహమున్న ఫలము సైనికునకే చెందవలెననియు అందు చెప్పిరి. 2014లో సుఖ్వీందర్ సింగ్ వ్యాజ్యమున, వైద్య కారణముచేత పంపివేసినచో ఆ వైకల్యము 20 పాళ్ళకు పైబడినదనియే భావింపవలెననిరి. 2007 చట్టముచేత సైనికదళ ట్రిబ్యునలు ఏర్పడినది. మన తెలుగు రాష్ట్రములు దాని చెన్నై బెంచి పరిధిలోనివి. అంతదూరము పోకముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున విచారింపవచ్చును.

నాల్గవది, 2023 సెప్టెంబరు 21 నుండి క్రొత్త నిబంధనలు వచ్చినవి. కావున మీవారు విడుదలైన తేదీనాటికి ఏ నిబంధనలు అమలులో ఉండెనో చూచుకొని మాటలాడుడు. పొరుగువారి కాగితమును చూచి మన లెక్క వేసికొనరాదు.

హవల్దారుగారు గడచిన మాసమున బోర్డు యెదుటికి పోయి వచ్చిరి. ఇల్లాలు వ్రాసిన నోటుపుస్తకమును అధ్యక్షుడు పుటపుటయు చదివిరట. నిర్ణయము ఇంకను రాలేదు. మొన్న సాయంకాలము ఆమె మా గడపలో నిలిచి, “ఏమి వచ్చినను రానిండు, అక్కయ్యగారూ, ఆయన ఒక్క పూట మాత్ర తప్పలేదు” అనెను. ఆ మాట చెప్పగలిగిన యిల్లాలు అందువలన నష్టపోకుండునట్లు లెక్కను సవరించుట ఏలినవారి ధర్మము.