బాత్ పట్టణంలో నీళ్లు కాచేదెవరు?

వానచినుకు నేలమీద పడిన తరువాత ఎక్కడికి పోతుంది? కొంత వాగులో కలుస్తుంది, కొంత ఆవిరి అవుతుంది, కొంత నేలలోకి ఇంకుతుంది. ఇంకిన ఆ నీరు వేల ఏళ్ల తరువాత వేడివేడిగా పైకి వస్తే? ఇంగ్లండు నైరుతి భాగంలో, ఏవన్ నది ఒడ్డున ఉన్న బాత్ పట్టణంలో ఈ వింత రోజూ జరుగుతున్నది.

బాత్ అంటే స్నానం అని మీకు తెలుసు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్లు ఇక్కడి వేడినీటి బుగ్గ దగ్గర స్నానశాలలు కట్టారు. పెద్ద కొలను అడుగున వారు పరచిన సీసపు రేకులు నేటికీ ఉన్నాయి. బుగ్గలో నుంచి రోజుకు 11 లక్షల లీటర్లకు పైగా నీరు ఉబికి వస్తుంది. దాని ఉష్ణోగ్రత సుమారు 46 డిగ్రీల సెంటిగ్రేడు.

బుగ్గలో బుడగలు లేస్తుంటాయి. నీరు మరుగుతున్నదని భ్రమపడకండి! అవి నీటితోపాటు పైకి వచ్చే వాయువులు. ఇక కొలనులోని నీటి పచ్చదనమంటారా, అది ఎండకు పెరిగిన నాచు.

మరి ఈ వేడి ఎక్కడిది? దగ్గరలో అగ్నిపర్వతం ఏదీ లేదు. జవాబు కోసం పట్టణం వదిలి మెండిప్ కొండలకు వెళ్లాలి. బాత్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ఈ కొండల్లో చెడ్డార్ లోయ ఉన్నది. ఇరువైపులా నిటారుగా సున్నపురాతి గోడలు. కాని లోయలో నది కనపడదు! నీరంతా రాతి పగుళ్ల గుండా భూమిలోకి దిగిపోతుంది. వాననీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు ఆ నీటికి కొద్దిగా ఆమ్లగుణం ఇస్తుంది. ఆ ఆమ్లమే సున్నపురాతిని కరిగించి దారి చేస్తుంది. మన బొర్రా గుహలు ఏర్పడినదీ ఇలాగే.

భూమి లోపలికి పోయేకొద్దీ కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. వాననీరు 10 డిగ్రీల వద్ద బయలుదేరిందనుకోండి. 46 డిగ్రీలు కావటానికి ఎంత లోతుకు పోవాలి? లెక్క వేయండి. ఒకటిన్నర కిలోమీటర్ల లోపే వస్తుంది కదూ! అయితే పైకి వచ్చేటప్పుడు కొంత వేడి పోతుంది. అందుకని నీరు రెండున్నర కిలోమీటర్లకు పైగా దిగుతున్నదని భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా. అక్కడ వేడెక్కిన నీరు రాతి పగుళ్ల వెంట బాత్ కింద పైకి తన్నుకు వస్తుంది. అంటే నీళ్లు కాచేది భూమి, నీళ్లు పోసేది కొండలు!

ఈ నీటి దారిని తెలుసుకోవటం కేవలం వినోదం కాదు. 1978లో అక్కడి కొలనులో ఈదిన ఒక బాలిక మెదడు జబ్బుతో చనిపోయింది. గోరువెచ్చని నీటిలో పెరిగి, ముక్కు ద్వారా మెదడుకు చేరే ఒక రకం అమీబా అందుకు కారణం. స్నానాలు ఆపేశారు. తరువాత పైపొరలను తాకకుండా, లోతులోని నీటిని గొట్టపు బావుల ద్వారా తీసే ఏర్పాటు చేశారు. 2006లో కొత్త స్నానశాల తెరిచారు. రోమన్ల కొలనులో మాత్రం నేటికీ ఎవరినీ దిగనివ్వరు.

తేటగా ఉన్నంత మాత్రాన నీరు పరిశుభ్రమైనది కాదు. అది వచ్చిన దారి కూడా శుభ్రంగా ఉండాలి. మీ ఊరి బావికో చెరువుకో నీరు ఏ దారిన వస్తున్నది? ఆ దారిలో పెంటకుప్పలు, మురుగుకాలువలు ఏమైనా ఉన్నాయా? వచ్చే ఆదివారం స్నేహితులతో కలిసి నడిచి చూడండి. చూసినది పటం గీసి మీ ఉపాధ్యాయునికి చూపండి.