ఊరి సొమ్ము - ఊరివాళ్ళ మాట



క్లీవ్‌లండ్ అనగానే సంగీతం ఇష్టమున్న ఇళ్ళలో త్యాగరాజ ఆరాధనే గుర్తుకొస్తుంది. 1978లో మొదలుపెట్టి అక్కడి మన దక్షిణాదివాళ్ళు జరుపుకొస్తున్న ఉత్సవం అది. ఓహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సు ఒడ్డున వుందా వూరు. మా పక్కవాటా వాళ్ళమ్మాయి ఆ ప్రాంతంలోనే కాపురం వుంటోంది. పోయినసారి పుట్టింటికి వచ్చినప్పుడు కాఫీ తాగుతూ, "పిన్నిగారూ, కరోనా అప్పుడు క్లీవ్‌లండ్‌కి కేంద్రం నుంచి బోలెడు డబ్బొచ్చింది. అందులో కాస్తయినా ఎలా ఖర్చుపెట్టాలో జనాన్నే తేల్చుకోనివ్వాలా వద్దా అని పెద్ద రభస జరిగింది" అంది.

"అడగటానిక్కూడా రభసేనా?" అన్నాన్నేను. ఆ అమ్మాయి నవ్వి వూరుకుంది గానీ, నాకు మాత్రం ఆ మాట మనసులో వుండిపోయింది. తర్వాత తీరిగ్గా కూర్చుని చదివి తెలుసుకొన్న సంగతులే ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆ సొమ్ము సంగతి. 2021 మార్చి 11న ప్రెసిడెంటు జో బైడెన్ సంతకంతో అమెరికన్ రెస్క్యూ ప్లాన్ అనే చట్టం వచ్చింది. దాని మొత్తం విలువ 1 లక్షా 90 వేల కోట్ల డాలర్లు. అందులోంచి 35 వేల కోట్ల డాలర్లు రాష్ట్రాలకూ, మన జిల్లాల్లాంటి కౌంటీలకూ, నగరాలకూ, ఆదివాసీ ప్రభుత్వాలకూ తీసిపెట్టారు. క్లీవ్‌లండ్ వాటాకు సుమారు 51 కోట్ల 20 లక్షల డాలర్లు వచ్చాయి. అప్పటి మారకం లెక్కన మన రూపాయల్లో 3,700 కోట్ల పైమాటే. 2020 జనాభా లెక్కల్లో ఆ వూరి జనం 3 లక్షల 72 వేలు. మన రాజమహేంద్రవరం లాంటి వూరనుకోండి. అంత వూరికి ఒక్కసారిగా ఇంత డబ్బు!

అలాగని ఇష్టమొచ్చినట్టు వాడుకోవటానికి లేదు. మహమ్మారి వల్ల ఆరోగ్యానికీ, బతుకుతెరువుకూ కలిగిన నష్టం పూడ్చటానికి, ఆ కష్టకాలంలో పనులు మానకుండా చేసిన సిబ్బందికి అదనపు జీతం ఇవ్వటానికి, పన్నులు రాక పురపాలక ఖజానాలో పడిన లోటు భర్తీ చేసుకోవటానికి, మంచినీళ్ళు, మురుగు కాలవలు, ఇంటర్నెట్ సౌకర్యం - వీటికి వాడుకోవచ్చు. పెన్షను నిధుల్లో వేసుకోకూడదు. 2024 డిసెంబరు 31 లోగా ఏ డాలరు ఏ పనికో ఒప్పందాలతో సహా ఖాయం చేసుకోవాలి, 2026 డిసెంబరు 31 లోగా ఖర్చు పెట్టెయ్యాలి. మిగిలితే వాపసు ఇచ్చెయ్యాలి. పెళ్ళివారింట్లో సామాను జాబితా రాసినంత స్పష్టంగా రాశారు ఇదంతా.

మరి వూళ్ళో జనాన్ని అడగాలా? ఇక్కడే వుంది అసలు మెలిక. అడిగి తీరాలని నిబంధనేమీ పెట్టలేదు. అడిగితే మంచిదని కేంద్ర ఖజానా శాఖ ప్రోత్సహించింది. రెండున్నర లక్షలకు మించి జనాభా వున్న నగరాలు మాత్రం ఏటా ఒక నివేదిక రాసి అందరికీ కనపడేట్టు ప్రకటించాలి. అందులో "ప్రజల అభిప్రాయాలు ఎలా సేకరించారు?" అన్నదానికి ఒక భాగం కేటాయించారు. ఎలా సేకరించారో రాయమన్నారు గానీ, సేకరించిన దాన్ని ఏం చేశారో జనానికి లెక్క అప్పజెప్పమని కాదు సుమండీ!

దాంతో ఏ వూరికి తోచిన పద్ధతి ఆ వూరు పట్టింది. డెట్రాయిట్ నగరానికి 82 కోట్ల 60 లక్షల డాలర్ల పైచిలుకు వచ్చాయి. అక్కడ 2021 వేసవిలో వాడలవారీగా 60కి పైగా సమావేశాలు పెట్టారు. కారే ఇంటికప్పుల కింద ఏళ్ళ తరబడి నెట్టుకొస్తున్న వాళ్ళు ఆ వూళ్ళో చాలామంది. అదే సంవత్సరం శరదృతువులో వయసు మళ్ళినవారికి, అంగవైకల్యం వున్నవారికి సొంత ఇళ్ళ కప్పులు బాగుచేసే పథకం ఒకటి 3 కోట్ల డాలర్లతో ప్రకటించారు. సెయింట్ లూయిస్‌లో కొత్తగా ఎన్నికైన మేయరు టిషౌరా జోన్స్ వూరివాళ్ళతో ఒక సలహా సంఘం వేసి, ప్రశ్నావళి కూడా పంచారు. ఇంకొన్ని వూళ్ళు ఇంటర్నెట్‌లో నాలుగు ప్రశ్నలు పెట్టి సరిపుచ్చుకున్నాయి.

ప్రశ్నావళి అంటే నాకు కాస్త అనుమానమే. "ఇళ్ళు, ఆరోగ్యం, ఉద్యోగాలు, భద్రత - మీకు ముఖ్యమైన వరుసలో అంకెలు వెయ్యండి" అంటారనుకోండి. ఎవరైనా ఏం వేస్తారు? అన్నీ ముఖ్యమే! ఏ అంకె వేసినా, ఆ తర్వాత చేసే పని ఏదో ఒక గడిలో ఇమిడిపోతుంది. అదే "మీ వీధిలో ఏ ఇంటి పిల్లలకు బడికి వెళ్ళేందుకు బస్సు లేదు? ఏ కుళాయికి నీళ్ళు రావటం లేదు?" అని అడిగి చూడండి. వచ్చే జవాబు వేరు, దాని బరువు వేరు. ఇంట్లో మనమూ అంతే కదా. వంకాయలు తరిగేశాక "ఈ పూట ఏం కూర వండమంటారు?" అని అడిగితే, అది అడగటం కాదు, మర్యాదకు అన్న మాట.

మరో చిక్కు ఏమిటంటే, ఎవరికి అవసరం ఎక్కువో వాళ్ళ గొంతే వినపడదు. ఇంట్లో ఇంటర్నెట్ లేనివాళ్ళు ఇంటర్నెట్‌లో ప్రశ్నావళి ఎలా నింపుతారు? సాయంత్రం ఆరున్నరకు సభ అంటే, ఆ వేళకు పొయ్యి ముందు నిలబడే ఇల్లాలూ, రెండో ఉద్యోగానికి పరుగెత్తే తల్లీ ఎలా వస్తారు? అందుకే ఈ పని మనసుపెట్టి చేసేచోట సభ దగ్గరే పిల్లల్ని చూసుకొనే ఏర్పాటు చేస్తారు, నాలుగు ముద్దలు భోజనం పెడతారు, రెండు మూడు భాషల్లో కాగితాలు అచ్చు వేయిస్తారు. చిన్న విషయాల్లా కనపడతాయి గానీ, ఎవరు వస్తారన్నది వీటి మీదే ఆధారపడి వుంటుంది.

ఇవన్నీ అభిప్రాయం చెప్పించుకొనే పద్ధతులు. నిర్ణయం పెద్దల చేతిలోనే వుంటుంది. ఇలా కాకుండా, కొంత సొమ్ము విడిగా తీసి "ఇది మీది, ఏం చేసుకోవాలో మీరే ఓటు వేసి తేల్చుకోండి" అనే పద్ధతి ఒకటి వుంది. 1989లో బ్రెజిల్ దేశంలోని పోర్టో అలెగ్రే నగరంలో మొదలైంది. పేటల్లో జనం సమావేశమై తమకు ముందు నీళ్ళు కావాలో, మురుగు కాలవలు కావాలో, రోడ్డు కావాలో వరుస తేల్చేవారు. 2009లో షికాగోలో ఒక వార్డు, 2011లో న్యూయార్కులో కొందరు కౌన్సిల్ సభ్యులు దీన్ని అందుకొన్నారు. ముందు ఎవరికి తోచిన ఆలోచన వాళ్ళు చెబుతారు. కొందరు వలంటీర్లు వాటిని పట్టుకుని ఆఫీసర్ల దగ్గర కూర్చుని, ఏది సాధ్యం, ఎంతవుతుందో లెక్కలు కట్టించుకుంటారు. చివరికి ఓటింగు. న్యూయార్కులో పదకొండేళ్ళ పిల్లలు కూడా ఓటు వెయ్యవచ్చు. బడి మరుగుదొడ్డి ఎలా వుందో వాళ్ళకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది లెండి.

కరోనా సాయం సొమ్ములోనూ మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ నగరం ఇలాగే చేసింది. వచ్చిన సుమారు 9 కోట్ల డాలర్లలో 20 లక్షలు పక్కన పెట్టి ప్రజల ఓటుకు వదిలింది.

క్లీవ్‌లండ్‌లో రభస జరిగింది కూడా దీని గురించే. ఆ వూళ్ళో కౌన్సిల్ సమావేశంలో మామూలు మనిషి లేచి నాలుగు మాటలు చెప్పుకొనే అవకాశమే ఎన్నో దశాబ్దాలుగా లేదు. వూరివాళ్ళు పట్టుబట్టగా 2021 అక్టోబరులో ఆ ద్వారం తెరిచారు. సమావేశానికి పది మందికి, మనిషికి మూడు నిమిషాల చొప్పున. సరిగ్గా ఆ రోజుల్లోనే కేంద్రం సొమ్ము చేతికొచ్చింది. "పీపుల్స్ బడ్జెట్" పేరుతో కొందరు పౌరులు ఒక కూటమిగా ఏర్పడి, 3 కోట్ల 8 లక్షల డాలర్లు జనం ఓటుకు వదలమని అడిగారు. 2021 నవంబరులో మేయరుగా ఎన్నికైన జస్టిన్ బిబ్ అంత కాదుగానీ 50 లక్షలు ఇద్దామని 2022లో ప్రతిపాదించాడు.

లెక్క వేసి చూడండి. వచ్చింది 51 కోట్లు పైన. అడిగింది 50 లక్షలు. వంద రూపాయల్లో ఒక్క రూపాయి! అదీ పూర్తిగా కాదు, కాస్త తక్కువే. అయినా 2023 మొదట్లో ఆ ప్రతిపాదన కౌన్సిల్ ఆర్థిక సంఘం దగ్గరే ఆగిపోయింది.

కౌన్సిల్ సభ్యుల వాదన కూడా వినాలి, తీసిపారెయ్యవలసింది కాదది. "జనం మమ్మల్ని ఎన్నుకొన్నది ఇందుకే. మా వార్డుల్లో గడప గడపా మాకు తెలుసు. ఓటింగు అంటే తీరికా, చొరవా వున్నవాళ్ళే వచ్చి తమ పనులు చేయించుకుంటారు, నోరులేనివాళ్ళు వెనకబడతారు. పైగా ఆ ఏర్పాట్లకే బోలెడు ఖర్చు" అన్నారు. వీళ్ళేమో "ఎన్నికల్లో ఓటు వేసేది నాలుగేళ్ళకోసారి, డబ్బు ఖర్చయ్యేది రోజూ" అన్నారు. నాకైతే ఈ రెండో మాటే మనసుకు పట్టింది. నోరులేనివాళ్ళ మీద జాలి వున్నవాళ్ళు వాళ్ళకు నోరు ఇచ్చే ఏర్పాటు చెయ్యాలి గానీ, నోరు లేదు గనక అడగటమే మానేస్తామంటే ఎలా?

కూటమివాళ్ళు అంతటితో వూరుకోలేదు. సంతకాలు సేకరించి విషయాన్ని నేరుగా ఓటర్ల ముందుకు తీసుకెళ్ళారు. కేంద్రం సొమ్ము సంగతి వదిలేసి, నగరం సాధారణ నిధిలో 2 శాతంతో సమానమైన మొత్తం ఏటా ప్రజల నిర్ణయానికి కేటాయించేట్టు నగర చార్టరునే మార్చమన్నారు. 2023 నవంబరు 7న పోలింగు జరిగింది. సేవలకు కోత పడుతుందని మేయరు కూడా ఈసారి ఎదురు నిలిచాడు. ఇంచుమించు నూటికి 49 మంది కావాలన్నారు, 51 మంది వద్దన్నారు. అంతే, పోయింది.

మరి ఆ 51 కోట్లూ ఏమయ్యాయంటారా? అన్నీ వృథా అయ్యాయని నేను అనను. పరిశ్రమలు పెట్టేందుకు పాడుబడ్డ స్థలాలు బాగుచెయ్యటానికి 5 కోట్ల డాలర్లు పెట్టారు. తక్కువ ధరకు ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే పనికి 2023లో 2 కోట్లు మంజూరు చేశారు. నెలకు 18 డాలర్లకే ఇచ్చే పథకం అది. ఇక తల్లులకు బాగా పట్టే పని మరొకటి. ఆ వూళ్ళో పాత ఇళ్ళు ఎక్కువ. ఇళ్ళకు సీసం కలిసిన రంగులు వెయ్యటాన్ని అమెరికా 1978లో నిషేధించింది గానీ, అంతకుముందు వేసినవి గోడలకూ, కిటికీ చట్రాలకూ అలాగే వున్నాయి. కిటికీ తీసి మూసినప్పుడల్లా ఆ రంగు పొడి రాలుతుంది. పాకే పిల్లలు చేతులు నేలకు పెట్టి నోట్లో పెట్టుకుంటారు. సీసం ఒంట్లో చేరితే ఎదిగే మెదడు దెబ్బతింటుంది, మళ్ళీ బాగుచేసే మందు లేదు. ఈ పనికి 1 కోటీ 70 లక్షల డాలర్లు కేటాయించారు. దీని వెనక ఎన్నో ఏళ్ళుగా తల్లిదండ్రులూ, వైద్యులూ, స్వచ్ఛంద సంఘాలూ చేసిన పోరు వుంది. అప్పటికే సిద్ధంగా వున్నవాళ్ళు గనక డబ్బు రాగానే గట్టిగా అడగగలిగారు. సంఘం కట్టుకోని వీధి, అద్దెకుండే ఒంటరి తల్లి ఏం అడగదలచుకొన్నారో మాత్రం ఆ లెక్కల పుస్తకంలో కనపడదు.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. పుణే నగరంలో 2006 నుంచీ పౌరులు తమ పేటకు కావలసిన చిన్న పనులు ఫారం మీద రాసి వార్డు ఆఫీసులో ఇచ్చే పద్ధతి పెట్టారు. ఫుట్‌పాత్, వీధి దీపం, బస్సు ఆగేచోట నీడ - ఇలాంటివి. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 3 లక్షలు, అంతకు మించి జనాభా వున్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు వుండాలి. ఈ సవరణ 1993 జూన్ నుంచి అమల్లో వుంది. మీ వార్డు కమిటీలో ఎవరెవరున్నారు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు, ఏ పనికి ఎంత అనుకొన్నారు - ఇది మున్సిపల్ ఆఫీసులో అడగవచ్చు. నోటితో అడిగితే చెప్పకపోతే, 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద తెలుగులోనే దరఖాస్తు రాసి, పది రూపాయల రుసుము కట్టి రసీదు తీసుకోండి. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.